మాకు లైనక్స్ ఎందుకని అడిగేవాళ్లకు – 9వ భాగం

పోయిన ఆదివారం ఒక పెద్దన్న ఫోన్ చేశారు. చుండూరు ఉద్యమంలో తిరిగిన మనిషి. నాకంటే పాతికేళ్లు పెద్ద. కరపత్రం ఎలా రాయాలో, సభకు మైకు ఎక్కడ తక్కువకు దొరుకుతుందో నేను ఆయన దగ్గరే నేర్చుకున్నా. "ఏం తమ్ముడూ, ఉద్యమం పక్కనపెట్టి పాత కంప్యూటర్లు బాగుచేసుకుంటున్నావంట? హాస్టల్ పిల్లల్ని కూడా అందులోకి దింపావంట? వాళ్లకు గ్రూప్స్ కోచింగ్ ఇప్పిస్తే నాలుగు ఉద్యోగాలొస్తాయి. ఆ లైనక్స్ ఏందో మనకెందుకయ్యా?" అన్నారు.

ఫోన్‌లో ఆయనకు ఎదురు చెప్పలేకపోయా. "వచ్చి కలుస్తానన్నా" అని పెట్టేశా. కానీ ఏడాదిగా ఇదే ప్రశ్న మూడు వైపుల నుంచీ వింటున్నా. మనవాళ్లు ప్రేమతో అడుగుతారు. "మెరిట్" మిత్రులు నవ్వుతూ అడుగుతారు, ముందు మీవాళ్లకు ఎమ్మెస్ ఆఫీస్ నేర్పండి బాసూ అని. ఫ్రీ సాఫ్ట్‌వేర్ మిత్రులేమో నొచ్చుకుంటూ అడుగుతారు, లైనక్స్ అందరిదీ కదా, ఇందులోకీ కులాన్ని ఎందుకు లాక్కొస్తారు అని. ముగ్గురికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేదు. ఈ భాగం ముగ్గురికీ కలిపి.

"ఎస్సీ యువతకు నైపుణ్య శిక్షణ" అని బ్యానర్ కట్టిన చోటికి ఎప్పుడైనా వెళ్లారా? నేను విద్యార్థిగా రెండు చోట్ల కూర్చున్నా. వర్డ్, ఎక్సెల్, ట్యాలీ, డీటీపీ. మూడు నెలలయ్యాక ఒక సర్టిఫికెట్, ఎమ్మెల్యే గారితో గ్రూప్ ఫోటో. మా బ్యాచ్‌లో ఒకడు "సార్, ఈ బటన్ నొక్కితే లోపల ఏం జరుగుద్ది?" అని అడిగితే "నీకెందుకురా, నొక్కు" అన్నాడు సారు. పదిహేనేళ్లయింది, ఆ మాట నా చెవిలో నుంచి పోలేదు. వెట్టి చేసిన మా తాతతో దొర అన్న మాట కూడా అదే కదా. నీకెందుకురా, మొయ్యి. మా అమ్మ జిన్నింగ్ మిల్లులో పనిచేసినప్పుడు మిషన్ దగ్గరికి పోనిచ్చేవాళ్లు కాదు, దూది మోయడానికి మాత్రం పోనిచ్చేవాళ్లు. గుడి కట్టే కూలీ మనది, గర్భగుడి మనది కాదు. కంప్యూటర్‌కూ గర్భగుడి ఉంది, దాని పేరు కెర్నల్. దాన్ని తెరిచి చూడొచ్చని, మార్చుకోవచ్చని, మార్చింది పక్కవాడికి పంచొచ్చని చెప్పే లైసెన్సు 1989 నుంచీ ఉంది, జీపీఎల్ అని. లైనక్స్ కెర్నల్ 1992లో ఆ లైసెన్సు కిందికి వచ్చింది. పూజారి లేని గర్భగుడి తలుపు ముప్పై ఏళ్లకు పైగా తెరిచే ఉంటే, మన పిల్లలకు మాత్రం బయట మెట్లు తుడిచే కోర్సు చెబుతున్నారు.

సరే, ఆవేశం పక్కన పెట్టి అసలు అవసరం చెబుతా. ఎందుకంటే మేం లైనక్స్ మీద మోజుతో దాని దగ్గరికి పోలేదు. ఒక పని పడి పోయాం.

ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్‌కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో చట్టం వచ్చింది. ఆ సంవత్సరం ఒకటో నంబరు చట్టం. దాని వెనక ఎన్ని దీక్షలు, ఎన్ని పాదయాత్రలు ఉన్నాయో పాతవాళ్లకు తెలుసు. చట్టం వచ్చాక మన పని ఏంటి? ఏ శాఖకు ఎంత కేటాయించారు, అందులో ఎంత ఖర్చు పెట్టారు, ఏ రోడ్డుకు మళ్లించారు అని లెక్క అడగడం. ఆ లెక్క ఎక్కడుంటుంది? జీవోల్లో, బడ్జెట్ పుస్తకాల్లో. అవన్నీ పీడీఎఫ్‌లు. తెరిచి చూస్తే అక్షరాలు కావు, ఫోటోలు! కాగితం ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్టాంపు వేసి, మళ్లీ స్కాన్ చేసి పెట్టినవి. "ఎస్సీ కాంపోనెంట్" అని వెతికితే ఒక్క ముక్క దొరకదు. కొన్నిట్లో అక్షరాలు ఉంటాయి గానీ అవి పాత అను ఫాంట్లు. కాపీ చేసి బయటపెడితే చీమలు పాకినట్టు పిచ్చి గుర్తులు వస్తాయి. ప్రభుత్వం సమాచారం దాచలేదు, చదవలేకుండా పెట్టింది. ఈ రెంటికీ తేడా ఏంటో నాకైతే తెలియదు.

పైగా పెట్టినవి పెట్టినట్టు ఉంటాయన్న నమ్మకం కూడా లేదు. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను వెబ్‌సైట్‌లో పెట్టడమే ఆపేసింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ మొదలైంది. మధ్యలో మనకు దిక్కయినవి ఎవరెవరో ముందుచూపుతో దించుకుని పెన్‌డ్రైవుల్లో దాచినవే. అలా పోగేసినవీ, సమాచార హక్కు కింద తెచ్చుకున్నవీ కలిపి మా దగ్గర సుమారు 20,000 పేజీలు ఉన్నాయి. వాటిని అక్షరాలుగా మార్చాలి. దానికి టెసరాక్ట్ అనే ప్రోగ్రామ్ ఉంది, ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. ఒక మిత్రుడి పాత లాప్‌టాప్‌లో వేసి చూశాం. పేజీకి 35 సెకన్లు. లెక్క మీరే కట్టండి. 7 లక్షల సెకన్లు, అంటే రాత్రీ పగలూ ఆపకుండా ఎనిమిది రోజులు. ఆ లాప్‌టాప్ మీద ఆ కుర్రాడి ప్రాజెక్టు, వాళ్ల చెల్లి ఆన్‌లైన్ క్లాసు నడుస్తున్నాయి. ఎనిమిది రోజులు ఎవరిస్తారు?

"క్లౌడ్‌లో అద్దెకు తీసుకోవచ్చుగా" అన్నాడొక సాఫ్ట్‌వేర్ మిత్రుడు. ఖాతా తెరవడానికి మొదటి మెట్టులోనే కార్డు నంబరు అడుగుతారు బాబూ. హాస్టల్ కుర్రాడి దగ్గర క్రెడిట్ కార్డు ఎక్కడిది? స్కాలర్‌షిప్ పడితే చాలని ఏటీఎం చుట్టూ తిరిగే పిల్లలు వాళ్లు.

అప్పుడు దొరికాయి తుక్కు కంప్యూటర్లు. ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ మార్చి, పాతవి తుక్కు వ్యాపారికి అమ్మేసింది. ఆ వ్యాపారి మా వాడే. 14 ఇచ్చాడు. ర్యాములు అటూ ఇటూ మార్చి, పవర్ సప్లైలు ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పెట్టి 9 బతికించాం. ఏడు కోర్ 2 డుయోలు, రెండు ఇంకా పాతవి. హార్డ్ డిస్కులు ఒక్కదానికీ లేవు, కాలేజీవాళ్లు పీకేసుకున్నారు. అదే మాకు మేలయింది. డిస్కు లేని కంప్యూటర్లను నెట్‌వర్క్ మీద నుంచి లేపడం నేర్చుకోవాల్సి వచ్చింది.

ఈ ఆలోచన మాది కాదు, గొప్పలు పోను. 1994లో నాసా గొడ్డార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ 16 మామూలు 486 కంప్యూటర్లను ఈథర్‌నెట్ తీగతో కలిపి, లైనక్స్ వేసి, బేవుల్ఫ్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత టెనెసీలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో విలియం హార్‌గ్రోవ్, ఫారెస్ట్ హాఫ్‌మన్ అని ఇద్దరు అలాంటిదే కట్టుకుంటామని డబ్బు అడిగితే ఇవ్వలేదు. వాళ్లు పారేసిన కంప్యూటర్లు ఏరుకొచ్చి కట్టారు. 2001 నాటికి 133 అయ్యాయి. దాంతో అమెరికా నేలలను, వాతావరణాలను రకాలుగా విడదీసి పటాలు తయారుచేశారు. చదివినప్పుడు ఉత్సాహం వచ్చింది, కొంచెం కడుపు మంటా వచ్చింది. వాళ్ల చెత్తకుప్ప కూడా జాతీయ ప్రయోగశాలదే! ఈ రోజు ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 కంప్యూటర్ల జాబితా తీస్తే 2017 నవంబరు నుంచీ ఐదొందలూ లైనక్స్ మీదే నడుస్తున్నాయి. ఉద్యోగానికి పనికిరాదన్న అన్నలు ఈ ఒక్క వాక్యం రెండోసారి చదవాలి.

ఇక నేర్చుకోవడం. ఆరుగురం కూర్చున్నాం, ముగ్గురు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు, నేను. నాకేదో వచ్చని కాదు, వాళ్లకంటే నాలుగు రోజులు ముందు చదివానంతే. పెన్‌డ్రైవ్‌లో డెబియన్ పెట్టి, ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యకుండా నల్ల తెరతో మొదలుపెట్టాం. మొదటి వారం ఫైలు ఎవరిది, ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు, ఎవరు నడపొచ్చు అన్నదే పాఠం. అనుమతుల గురించి మన పిల్లలకు అరగంటలో అర్థమైంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే కదా. తర్వాత ఒక ఫైలు మీద చేసిన పనిని వంద ఫైళ్ల మీద చేయించే చిన్న స్క్రిప్టు. తర్వాత పాస్‌వర్డ్ అడగకుండా ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌లోకి పోయే ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు. ఇంతవరకు వస్తే సగం వచ్చినట్టే. మాన్యువల్ పేజీలు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, నిజమే. ఒకరు పైకి చదవడం, ఇంకొకరు తెలుగులో చెప్పడం, మూడోవాళ్లు కొట్టి చూడడం. ఇంగ్లిష్ రాదని ఎవరినీ బయట కూర్చోబెట్టలేదు.

ఒక పాత పాఠంలో "మాస్టర్", "స్లేవ్" అని వచ్చింది. చదువుతున్న అమ్మాయి ఆగిపోయింది. "ఏంటన్నా, ఇక్కడ కూడానా?" అంది. 2020లో లైనక్స్ కెర్నల్ వాళ్లే కొత్త కోడ్‌లో ఆ మాటలు వాడొద్దని నియమం పెట్టుకున్నారు. అప్పుడు మన దేశపు కోడర్లు ఎంతమంది వెక్కిరించారో నాకు గుర్తుంది. బానిస అనే మాట చదివి ముందుకు పోగలగడం కూడా ఒక వసతే. ఆ వసతి ఉన్నవాళ్లకు అది కనపడదు.

ఫ్రీ సాఫ్ట్‌వేర్ మిత్రులారా, మీ వర్క్‌షాపుకు కూడా వెళ్లాం. ఊరి పేరు, సంస్థ పేరు చెప్పను. మంచివాళ్లే, టీ ఇచ్చారు, సీడీ ఇచ్చారు. పరిచయాల్లో మాత్రం "పూర్తి పేరు?" అని రెండోసారి అడిగారు. ఇంటిపేరు చెప్పాక "ఏ ఊరు, ఊళ్లో ఎటువైపు?" అని మూడోసారి. తర్వాత మా అమ్మాయి లైవ్-బిల్డ్ గురించి అడిగితే "అది అడ్వాన్స్‌డ్ అమ్మా, ముందు లిబర్‌ఆఫీస్ నేర్చుకో" అన్నారు. మళ్లీ అదే. కోడ్‌కు కులం లేదు, ఒప్పుకుంటా. కోడ్ చెప్పే గదికి ఉంది. ఆ గది గురించి మాట్లాడితే కులం తెచ్చామంటారు. తేలేదు స్వామీ, లోపలికి రాగానే కుర్చీలో కూర్చుని కనపడింది. బెంగళూరు సుదర్శన్ లేఔట్ బస్తీలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాళ్లే పాత కంప్యూటర్లతో అంబేడ్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ నడిపారు. అంటే చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చు. బస్తీని వర్క్‌షాపుకు పిలవడం కాదు, వర్క్‌షాపు బస్తీలోకి పోవాలి.

మేం కట్టిన డిస్ట్రో గురించి. డెబియన్‌లో లైవ్-బిల్డ్ అని ఒక పరికరం ఉంది. మనకు ఏ ప్యాకేజీలు కావాలో ఒక జాబితా రాసి, ఏయే మార్పులు చెయ్యాలో చిన్న స్క్రిప్టులు పెడితే, మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్‌ను వండి ఒక ఐఎస్‌ఓ ఫైలుగా ఇస్తుంది. మొదటిసారి తెలియక డెస్క్‌టాప్ అంతా ఉంచేశాం. 2.3 జీబీ అయింది, పాత పెట్టెలు లేవలేక చచ్చాయి. ఒక్కొక్కటే తీసేస్తూ పోయాం. బొమ్మలు, ఆటలు, ప్రింటర్లు, చివరికి డెస్క్‌టాపే తీసేస్తే 480 ఎంబీకి దిగింది. అందులో ఏముంది? టెసరాక్ట్, దాని తెలుగు డేటా, పీడీఎఫ్‌ను పేజీలుగా కోసే పరికరాలు, ఎస్‌ఎస్‌హెచ్, పనులు పంచే గ్నూ ప్యారలల్. హెడ్ నోడ్‌కు మాత్రం తెలుగు ఫాంట్లు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు. హెడ్ నోడ్ అంటే ఒక దాత ఇచ్చిన కొంచెం మెరుగైన కంప్యూటర్, దానికి డిస్కు ఉంది. మిగతా తొమ్మిదీ ఆన్ చెయ్యగానే "నేనెవరు, నా సిస్టమ్ ఎక్కడ?" అని నెట్‌వర్క్‌లో కేకేస్తాయి. హెడ్ నోడ్ జవాబిచ్చి ఒక అడ్రసు, ఒక కెర్నల్ పంపిస్తుంది. నిమిషంన్నరలో తొమ్మిది ఖాళీ డబ్బాలు తొమ్మిది పనివాళ్లవుతాయి. మొదటిసారి అన్నీ వరసగా లేచిన రాత్రి మావాళ్ల కేకలకు పక్క గది పిల్లలు పరిగెత్తుకొచ్చారు.

ఆ కేక వేసి జవాబు వచ్చే పద్ధతి చూసే "డప్పు" అని పేరు పెడదామన్నాను. అక్కడ పెద్ద గొడవ. ఒక తమ్ముడు ఒప్పుకోలేదు. "ఏం చేసినా డప్పేనా అన్నా? మనకు ఇంకేం రాదనుకుంటారు" అన్నాడు. ఇంకొకరు సూటిగా నన్నే అడిగారు. "డప్పు మాదిగలది. నువ్వు మాలవు. పేరు పెట్టడానికి నువ్వెవరు?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు ఇదే గదిలో పదిరోజులు ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. పేరు పెట్టే హక్కు నాది కాదని ఒప్పుకుని నేను తప్పుకున్నా. రెండు సాయంత్రాల తర్వాత, తాత ఊళ్లో వెట్టి చాటింపు వేసిన అమ్మాయి ఒకతి తేల్చింది. "మా తాత కరణం మాట చాటాడు. ఇది మన కాగితాలు చదవడానికి. ఉంచండి" అంది. అలా డప్పు అయింది. తొమ్మిది నోడ్లకూ పేర్లు పెట్టాం. జాషువా, కుసుమ ధర్మన్న, భాగ్యరెడ్డి, ఈశ్వరీబాయి, సావిత్రీబాయి, అయ్యంకాళి ఇలా. జాషువా వేడెక్కి రెండుసార్లు పడిపోయాడు, ఫ్యాను మార్చాక ఇప్పుడు బాగున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ పోస్టు రాసింది దీని కోసమే.

మొదట మేం పని పంచిన పద్ధతి తప్పు. 900 పేజీలు తీసుకుని, తొమ్మిది నోడ్లకు వందేసి ముందే రాసిచ్చేశాం. చూడ్డానికి సమానంగా ఉంది కదా? ఏడు నోడ్లు గంటలోపు వాటి వంద పూర్తిచేసి చేతులు కట్టుకుని కూర్చున్నాయి. పాతవి రెండు మాత్రం పేజీకి 110 సెకన్ల చొప్పున మూడు గంటలు ఈడ్చాయి. మొత్తం పని మూడు గంటలు పట్టింది. ఏడుగురు ఖాళీ, ఇద్దరికి నడుం విరిగింది. గ్నూ ప్యారలల్‌ను సరిగ్గా చదివాక మార్చాం. ముందుగా ఎవరికీ ఏమీ రాసిపెట్టడం లేదు. పేజీలన్నీ ఒక కుప్ప. ఎవరి చెయ్యి ఖాళీ అయితే వాళ్లకు తర్వాతి పేజీ. అవే తొమ్మిది పెట్టెలు, అవే 900 పేజీలు. గంటా పది నిమిషాల్లో అయిపోయింది.

ఆ రాత్రి ఈ తేడా బోర్డు మీద రాస్తుంటే పక్కనున్న తమ్ముడు "అన్నా, ఇది కులనిర్మూలనలో ఉంది" అన్నాడు. నిజంగానే ఉంది. 1936లో బాబాసాహెబ్ అన్నది అదే. కులం పని విభజన మాత్రమే కాదు, పనిచేసేవాళ్ల విభజన. ఎవడికి ఏం చేతనవునో చూసి కాదు, తల్లిదండ్రులు ఎవరో చూసి ముందే పని రాసిపెట్టేయడం. కాలం మారి ఆ పని లేకుండా పోయినా ఇంకో పనికి పోనివ్వకపోవడం, దానివల్ల మనిషి ఖాళీగా ఉండిపోవడం. కులం నిరుద్యోగానికి కారణమని కూడా ఆయన అక్కడే అన్నాడు. కులం అన్యాయం అని మనం వెయ్యిసార్లు చెప్పాం. అది పనికిమాలిన పద్ధతి అని, ఆర్థికంగా కూడా దండగ అని ఆయన వాదించిన భాగాన్ని మనం మీటింగుల్లో తక్కువ చెబుతాం. మా గదిలో మూడు గంటలకూ గంటా పదికీ మధ్య ఉన్న తేడా అదే.

పోలిక ఇక్కడితో ఆపాలి. నోడ్‌కు ఆకలి ఉండదు, అవమానం ఉండదు. పాత పెట్టె నెమ్మదిగా ఉండడం దాని చిప్పు వల్ల. మన పిల్లవాడు నెమ్మదిగా ఉన్నాడంటే వాడి చిప్పులో లోపం లేదు, వాడికి మూడు తరాలు కరెంటు ఇవ్వలేదు. "మెరిట్" మిత్రులు ఈ పోలికను తిప్పి నా మీదకే విసురుతారని తెలిసే ముందే చెబుతున్నా.

జరిగిన ప్రమాదం కూడా చెప్పాలి. ఒక సాయంత్రం మా స్విచ్ తీగను ఎవరో తెలియక హాస్టల్ రూటర్‌కు గుచ్చారు. మా హెడ్ నోడ్ ఊళ్లో అందరికీ అడ్రసులు పంచడం మొదలుపెట్టింది. మర్నాడు వార్డెన్ ఆఫీసు కంప్యూటర్ ఆన్ చేస్తే, దాని సెట్టింగుల్లో నెట్‌వర్క్ బూట్ ముందు ఉండడం వల్ల, విండోస్ బదులు "డప్పు" అని తెర వచ్చింది! తప్పు మాదే, మా నెట్‌వర్క్‌ను విడిగా కట్టుకోవాల్సింది. కానీ తర్వాత వచ్చిన మాట చూడండి. "హ్యాకింగ్". పోలీసులకు చెబుతామన్నారు. ఇద్దరు పిల్లల్ని హాస్టల్ ఖాళీ చెయ్యమన్నారు. అదే పొరపాటు నగరంలో పెద్ద కాలేజీ కుర్రాడు చేస్తే "భలే తెలివైనోడు" అని ఇంటర్న్‌షిప్ ఇచ్చేవాళ్లు. నేనూ, ఇద్దరు పిల్లల తల్లిదండ్రులూ వెళ్లి రాతపూర్వకంగా క్షమాపణ ఇచ్చి, ఆ కంప్యూటర్‌లో ఏదీ పోలేదని ఒక్కొక్క ఫైలూ తెరిచి చూపించాక గది తాళం పదిహేను రోజులకు తీశారు. ఒక తండ్రి కూలి పోగొట్టుకుని రెండు రోజులు తిరిగాడు. "మావాడు దొంగతనం చేశాడా సార్?" అనడిగాడు నన్ను. కాదని చెప్పడానికి నాకు గంట పట్టింది. ఈ సిరీస్ చదివి సొంతంగా మొదలుపెట్టే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మొదటి మాట ఇదే. మీ స్విచ్ మీ గది దాటకూడదు. మనకు పొరపాటు చేసే వెసులుబాటు లేదు. ఉండాలి, దానికోసం కొట్లాడదాం, కానీ ఈ రోజుకు లేదు.

ఇప్పుడు రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా మాత్రమే నడుపుకోనిస్తున్నారు. పగలు ఫ్యాన్లు, నీళ్ల మోటారు, మా పెట్టెలు అన్నీ కలిస్తే ఎంసీబీ పడిపోతోంది. అందులో న్యాయం ఉంది. నాలుగు రాత్రుల్లో 20,000 పేజీలు అయిపోయాయి.

"ఒక మంచి కొత్త కంప్యూటర్ కొంటే మీ తొమ్మిదింటి పనీ అదొక్కటే చేస్తుంది" అంటారు. అవును, చేస్తుంది. కరెంటు కూడా తక్కువ తింటుంది. మేం తుక్కును పూజించడం లేదు. పారేసినవి ఏరుకోవడం మనకు కొత్త కాదు, అది చాలించాలనే ఈ గొడవంతా. ప్రతి సంక్షేమ హాస్టల్‌కూ కొత్త ల్యాబ్ కావాలని రేపు కూడా ధర్నా చేస్తాం. అయితే ల్యాబ్ వచ్చేనాటికి దాన్ని నడపగల పిల్లలు ఉండాలి, తాళం వేసుకుని కూర్చునే అటెండరు కాదు.

1980ల్లో అమెరికా మన దేశం అడిగిన క్రే సూపర్ కంప్యూటర్ ఇవ్వనంది. దేశానికి పౌరుషం వచ్చింది. 1988లో పుణెలో సీ-డాక్ పెట్టారు, 1991లో చిన్న చిన్న చిప్పులు కలిపి పరమ్ 8000 తయారుచేశారు. దాన్ని ఈ రోజుకీ స్వావలంబన కథగా చెప్పుకుంటారు. మంచిదే. ఇవ్వనన్న దాన్ని కట్టుకోవడం దేశం చేస్తే స్వావలంబన, హాస్టల్ పిల్లలు చేస్తే "మీకెందుకు" ఎలా అయింది?

అదే 1991 ఆగస్టు 25న హెల్సింకిలో 21 ఏళ్ల విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, తాను సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని లోకానికి చెప్పాడు. దానికి 19 రోజుల ముందు, ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. ఆ గొడవ సినిమా హాల్లో చదువుకున్న ఒక దళిత కుర్రాడి కాలు తగలడం దగ్గర మొదలైంది. ఇద్దరూ చదువుకుంటున్న వయసువాళ్లే. ఒకడికి తీరిక ఉంది, సొంత కంప్యూటర్ ఉంది, సరదా అనే మాట ఉంది. ఇంకొకడి ఊరిని పోలీసుల కళ్లముందే తరిమారు. 2007లో అదే ఊళ్లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. మన పిల్లలు ఆలస్యంగా వచ్చారంటున్నవాళ్లు ఆ 19 రోజులు దాటడానికి మనకు ఎన్నేళ్లు పట్టిందో లెక్కెయ్యండి.

పెద్దన్న ఇంటికి నిన్న వెళ్లాను. ఇదంతా చెప్పలేదు. హాస్టల్‌లో తీసిన జాబితా చూపించానంతే. మా జిల్లాలో సబ్‌ప్లాన్ కింద చూపించిన పనులు, జీవో నంబరు, తేదీ, పేజీ. "ఈశ్వరీబాయి" చదివిన పేజీలు, "ధర్మన్న" చదివిన పేజీలు. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. ఒక రోడ్డు దగ్గర వేలు ఆపి "ఇది మన పేటకు రాలేదే" అన్నారు. తర్వాత లోపలికి వెళ్లి మంచం కింద నుంచి రేకు పెట్టె లాగారు. చుండూరు శిబిరం నాటి కరపత్రాలు, మెమోలు, కోర్టు కాగితాల జిరాక్సులు, సగం చేత్తో రాసినవి. అంచులు పొడి రాలుతున్నాయి. పెట్టె ఇవ్వలేదు. ఒక్క ఫైలు తీసి ఇచ్చి, "గురువారానికి తెచ్చెయ్యాలి" అన్నారు.

రాత్రి స్కాన్ చేసి వేశాం. అచ్చు పేజీలు బాగానే వచ్చాయి. చేతిరాతను టెసరాక్ట్ చదవలేదు, అది దాని పని కాదు. 62 పేజీలు ఉన్నాయి. ఆరుగురం పంచుకుని టైపు చేస్తున్నాం. ఎవరి చెయ్యి ఖాళీ అయితే వాళ్లు తర్వాతి పేజీ తీసుకుంటున్నారు. గురువారంలోపు అవ్వాలి. టైపు చెయ్యగలిగినవాళ్లు సాయంత్రం 6 తర్వాత రండి.

పదో భాగంలో లైవ్-బిల్డ్ జాబితా మొత్తం పెడతా. జై భీమ్.